కొత్త హాల్లో చీకటి

తొంభైల్లో నేను మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో కాలేజీ చదువుతున్నాను. కాలేజీలో కొత్త బిల్డింగులు కట్టారని, ఒక ఆదివారం మా ఇళ్లవాళ్లందరినీ చూడ్డానికి రమ్మన్నారు. బొగ్గు గనిలో పనిచేసే మా బాపు ఇస్త్రీ చొక్కా వేసుకొని సంబరంగా వచ్చాడు.

కిటికీల్లేని కొత్త హాల్లో ఏదో సినిమా చూపిస్తుండగా కరెంటు పోయింది. పిల్లలు కేకలు పెట్టారు, జనం తోసుకున్నారు. బాపు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బాపూ, ఏమైంది?"

"కప్పు కూలుతది బిడ్డా... ఊపిరాడ్తలేదు."

అంతకుముందు ఏడాది గనిలో కప్పు కూలితే బాపు చిక్కుకొని బయటపడ్డాడు. ఇంట్లో మాత్రం ఏమీ జరగనట్టే ఉండేవాడు.

"ఏం గాదు బాపూ, నా ఎంబడే రా" అన్నాను. కుర్చీలకు తగులుకుంటూ, గోడ తడుముకుంటూ ఎలాగో తలుపు దాకా తీసుకొచ్చాను.

బయట మెట్ల మీద కూర్చొని చాలాసేపు గాలి పీల్చుకున్నాడు. "మీ అమ్మకు చెప్పకు. మల్ల నన్ను డ్యూటీకి పోనియ్యది" అన్నాడు.

నేను చెప్పలేదు. మర్నాడు ఆయన డ్యూటీకి బయల్దేరితే, కనుమరుగయ్యే దాకా వాకిట్లోనే నిలబడ్డాను. అంత భయాన్ని కడుపులో పెట్టుకొని మా కోసం రోజూ గనిలోకి దిగుతున్నాడని అప్పటిదాకా నాకు తెలియదు.