పరకాల బండికి నేను రాసిన అంచనా

బడ్జెట్ మర్నాటి పేపరును నేను మొదటి పేజీ నుంచి చదవను. లోపల శాఖలవారీగా పట్టిక వేస్తారు కదా, అందులో వైద్యం, సంక్షేమం అని ఉన్న వరుసల మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంటాను. మొన్న కూడా అట్లాగే కూర్చుంటే మా ఇంటావిడ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, "రిటైరయి గిన్నేండ్లాయె, ఇంక ఆ అంకెల్ల ఏం దేవులాడుతాండ్రు?" అంది. ఏమీ లేదన్నాను. ఆ అంకె కింద ఎన్ని ఆఫీసుల్లో ఎంతమంది గుమస్తాలు ఎంతెంత ఎక్కువ రాశారో, పైన కూర్చున్నవాళ్లు ఎంతెంత కోశారో, ఆ కోతలో ఎవరు రాలిపోయారో పేపరువాళ్లు రాయరు. అచ్చులో కనిపించిన ఏ సంఖ్యనైనా నేను ముందు అనుమానిస్తాను. జిల్లా వైద్యశాఖ ఆఫీసులో ఉద్యోగం మొత్తం గడిపినవాడికి ఆ అలవాటు రాక తప్పదు.

ఆ ఆఫీసుకు నేను ఇష్టపడి వెళ్లినవాణ్ణి కాను. మట్టెవాడలో మాకు మూడు తరాల బట్టల కొట్టు ఉండేది. మా తాత హయాంలో పెళ్లిబట్టలకు పరకాల నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవారు. మా కొట్లో ఒకే ధర. బేరం ఆడబోయినవాళ్లకు మా తాత మంచినీళ్లు ఇప్పించి, దగ్గరుండి పక్క కొట్టుకు పంపేవాడు. నాన్న కాలానికి కొట్టు పోయింది. ఎవరికో హామీ సంతకం పెట్టాడు, ఆ మనిషి ఊరు వదిలిపోయాడు, నాన్న మాట మీద నిలబడ్డాడు. కొట్టు నిలబడలేదు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లకు అద్దాలు అతికిస్తారు. ఆ దారిన పోయేటప్పుడు నేను తల తిప్పను. నౌకరీలో చేరాక కూడా ఇస్త్రీ చొక్కా, నా కలం, నా చాయ్ డబ్బులు నావే అన్నట్టుండేవాణ్ణి. సెక్షన్‌లో నన్ను సేటు అనేవారు. అది మర్యాద కాదని నాకు తెలుసు.

ఆ పేరు పెట్టింది మా సూపరింటెండెంటు. పరకాల మనిషి. ఆఫీసంతా ఆయనను భాయ్‌సాబ్ అనేది. చల్లని చూపు, నెరిసిన గడ్డం, నోట్లో ఎప్పుడూ సోంపు. ప్రతి ఏడూ చలికాలం మొదలుకాగానే వచ్చే సంవత్సరానికి ఏ పనికి ఎంత కావాలో అంచనాలు రాసి హైదరాబాదుకు పంపాలి. ఆ పని ఆయనది. వాటి సాఫు ప్రతి రాసేవాణ్ణి నేను. అందులో ఒక్క వరుసలో కూడా నిజం ఉండేది కాదు. పరకాల వైపు ఊళ్లకు మందుల బండి వారానికి రెండు రోజులు తిరిగేది, ఆయన నాలుగు రోజులని రాసేవాడు. నిరుడే రిపేరయిన ఆసుపత్రి కప్పు ఈ ఏడు మళ్లీ కురుస్తోందని రాసేవాడు. ఆయన బల్ల సొరుగుకు ఎప్పుడూ తాళం. ఫోను మోగితే వరండాలోకి పోయి మాట్లాడేవాడు. కొడుకు కొత్త మోటారు సైకిల్ మీద వచ్చి దింపిపోయేవాడు. నేను అన్నిటినీ ఒకదానికొకటి కలుపుకుంటూ పోయాను. సాయంత్రం ఆయన టిఫిను డబ్బా పొద్దున కంటే బరువుగా ఉందని కూడా నాకు అనిపించేది. ఒకనాడు బస్టాండు దాకా వెనకే నడిచాను. జామకాయలు కొని డబ్బాలో వేసుకొని బస్సెక్కాడు. జామకాయలు కూడా ఒక ఎత్తేమో అనుకున్నాను.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. ఆయన నవ్వాడు. "బట్టల కొట్టోనివి, నీకు నేను చెప్పాల్నా సేట్? కుట్టుకు బట్ట ఇడ్వకుంటె టైలరేం జేస్తడు? పైన కత్తెరున్నది. అది కొయ్యక మానది. కొయ్యనీకి జర బట్ట మనమే పెట్టాలె." నాకు ఆ మాట దొంగ దొరికిపోయాక చెప్పే మాటలాగే వినబడింది.

కొత్త జిల్లాలు రావడానికి చాలా ముందు ఒక ఏడు, సరిగ్గా అంచనాల సమయంలో, ఆయన భార్యకు ఆపరేషన్ అయింది. ఎండాకాలం దాకా సెలవు పెడుతూ సొరుగు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "అండ్ల చిన్న పుస్తకమున్నది. ఏ సారు ఎంత కోస్తడో రాసిపెట్టిన. చూసుకొని రాయి," అన్నాడు. ఆయన మెట్లు దిగకముందే సొరుగు తీశాను. ఒక సోంపు పొట్లం, విరిగిన కళ్లజోడు, ఆ పుస్తకం. ఒక సారు మూడో వంతు కోస్తాడట, ఒకాయన మొదటి పేజీ మాత్రమే కోస్తాడట, ఇంకొకాయన ఏది అడిగినా సగమే ఇస్తాడట. ఇంతకాలం నేను వెతికిన సాక్ష్యం ఇదేనని పుస్తకం మూసేశాను. ఆ ఏడు అంచనా నేనే రాశాను. బండికి రెండు రోజులంటే రెండే రోజులు. దానికి పట్టే డీజిలు, అంతకు సరిపోయే మందులు, బండిలో తిరిగే నర్సు జీతం. కురవని కప్పులన్నీ కొట్టేశాను. సంతకం పెడుతుంటే మా తాత వెనక నిలబడి చూస్తున్నాడనిపించింది.

పది రోజులకు హైదరాబాదు నుంచి ఫోను. పేరు చెప్పని ఒక అధికారి. "ఏంది సార్, నిరుడు అంత అడిగిండ్రు, ఇప్పుడు గింతనే అంటాండ్రు? మరి నిరుడు మిగిలినయ్ ఏం జేసిండ్రు?" అని అడిగాడు. ఏమీ మిగలలేదన్నాను. జీవితంలో మొదటిసారి నిజం రాసి పంపితే, నన్ను మొదటిసారి దొంగను చూసినట్టు చూశారు. ఏప్రిల్‌లో ఉత్తర్వులు వచ్చాయి. అన్ని జిల్లాలకు కోసినట్టే మాకూ మూడో వంతు కోశారు. మిగిలినవాళ్లకు కొవ్వు పోయింది, మాకు ఎముక తెగింది. నర్సు పోస్టు లేదు. నర్సు లేనిదే బండి కదలదు.

ఆ నర్సు మడికొండ అమ్మాయి. కాంట్రాక్టు మీద ఆరేళ్లుగా ఆ బండిలోనే తిరిగేది. నేను చెల్లె అనేవాణ్ణి. భుజానికి సంచీతో నేరుగా నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. "అన్నా, మీరు మస్తు సాఫ్‌గ రాసిండ్రట గద. సాఫ్‌గ నన్నే ఊడ్సిండ్రు," అంది. కూర్చోమంటే కూర్చోలేదు. "నా సంగతి ఇడువుండ్రి, ఏడనన్న ప్రైవేటుల చూసుకుంట. మంగళారం పొద్దుగాల్నే ముసలోళ్లు రోడ్డు మీదికొచ్చి కూసుంటరు, బీపీ గోలీలకు. బండి రాదని వాళ్లకెవరు చెప్తరు? మీరు చెప్తరా?" నేను నియమాలు చెప్పబోయాను. ఆమె వినకుండా వెళ్లిపోయింది.

వారం తరువాత భాయ్‌సాబ్ డ్యూటీలో చేరాడు. ఉత్తర్వు చదివి కళ్లజోడు తీశాడు. "ఇజ్జత్ నీది, ఉపాసం ఆమెది. మంచిగున్నది సేట్," అన్నాడు. అంతకుముందు ఏళ్లలో కత్తెర ఎక్కువ పడ్డప్పుడల్లా కురవని కప్పుల సొమ్మును పైవాళ్ల అనుమతితో బండికి మళ్లించేవాడట. అందుకే బండి ఏ ఏడూ ఆగలేదు. ఆ కప్పులను నేనే కొట్టేశాను. ఇక మిగిలింది ఒకటే దారి అన్నాడు. అంచనా వేసేటప్పుడు పొరపాటున తిరిగే రోజులు తక్కువ వేశాను, లెక్క తప్పింది, మన్నించి అదనంగా మంజూరు చేయండి అని నా సంతకంతో ఉత్తరం పోవాలి. "తప్పు జేసిన అంటె పైనోళ్లు నమ్ముతరు. తప్పు లేదంటెనే వాళ్లకు డౌటు," అంటూ చిత్తుప్రతి తానే రాసి నా ముందు పెట్టాడు.

నేను చేయని తప్పు అది. పైగా అబద్ధం, రాతపూర్వకంగా. రేపు ఏదైనా విచారణ వస్తే ఈ కాగితం చూపించి తన పాత లెక్కలన్నీ నా నెత్తిన వేయడానికి పన్నిన వల కాదని ఏమిటి నమ్మకం? కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాను. పేపర్‌వెయిట్ కింద పెట్టాను. భాయ్‌సాబ్ రోజూ అటు చూసేవాడు, అడిగేవాడు కాదు. మా ఇంటి పేరు మీద ఇప్పటిదాకా తప్పుడు కాగితం లేదు అని నాకు నేను చెప్పుకుంటూ పదకొండు రోజులు గడిపాను. పన్నెండోనాడు సంతకం చేశాను. నిర్లక్ష్యానికి నాకొక మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. విచారణ ఏదీ రాలేదు. భాయ్‌సాబ్ ఆ కాగితాన్ని ఎన్నడూ నా మీద వాడలేదు. ఆయన నిజాయితీపరుడేనా అంటే ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను. ఆ మోటారు సైకిల్ సంగతి నాకు తేలనే లేదు.

వానాకాలం సగమయ్యాక మంజూరు వచ్చింది. చెల్లెను మళ్లీ తీసుకున్నారు. మొదటి మంగళవారం తిరిగొచ్చి రిజిస్టరు నా బల్ల మీద పెట్టి, వెంటనే వెళ్లకుండా నిలబడింది. "ఆ పెద్దమ్మ లేదా అన్నా, ఎప్పుడొచ్చినా నాకు ముంజలో, మక్క కంకో తెచ్చేది. కుడి చెయ్యి పడిపోయింది. గోలీలు అయిపోయినంక కొడుకు కొనుకొస్తనంటె వద్దన్నదట. బండొస్తది, నాలుగొద్దులు ఆగుత అన్నదట." నేను రిజిస్టరు మీద సంతకం చేసి ఇచ్చాను. ఆమె దాన్ని సంచీలో పెట్టుకొని వెళ్లిపోయింది.

ఆ ఉత్తరం హైదరాబాదులో ఏయే బల్లల మీద ఎన్నాళ్లు పడుకుందో నాకు తెలియదు. నా బల్ల మీద పడుకున్నది పదకొండు రోజులు. ఆ పెద్దమ్మ చేయి ఏ రోజు పడిపోయింది, నేను పదకొండు రోజుల ముందు సంతకం చేసి ఉంటే బండి ఆ రోజుకు ముందే అక్కడికి చేరేదా అన్నది చెల్లెకు తెలిసే ఉంటుంది. తరువాత ఎనిమిదేళ్లు ఆమె ప్రతి వారం నా బల్ల ముందుకు వచ్చింది, నేను ప్రతి వారం సంతకం చేశాను. అడగడానికి సమయం దొరకలేదని మాత్రం చెప్పలేను.