పడవ బ్యాటరీకి పసుపు కుంకుమలు

కార్తీకం, రెండో ఆదివారం. కృష్ణ మధ్య లంకలో పడవ రేవు. ఉన్నవారు: నేను, మా చెల్లెలు, బావగారు, మేనల్లుడు, అవతలి ఒడ్డు నుంచి పిలిపించిన బ్యాటరీ మెకానిక్కు.

ఆనాటి డైరీలో ఈ వివరాల కింద ‘రోత’ అని ఒకే మాట రాసుకున్నాను. రాత్రి మళ్లీ చదువుకున్నాను గాని మార్చాలనిపించలేదు.

చెల్లెలివాళ్లు లంకలో అరటి, కంద వేస్తారు. వంతెన లేదు. ఒడ్డుకు రావాలంటే సొంత ఇంజను పడవ ఒక్కటే దారి. చెల్లెలి కిడ్నీలు పాడై ఏడాది దాటింది. వారానికి మూడుసార్లు విజయవాడ వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. అరటిపండు, కొబ్బరినీళ్లు ముట్టకూడదన్నారు. చుట్టూ అరటితోట పెట్టుకుని అదొక శిక్ష. మొన్న శుక్రవారం పొద్దున్న పడవ సెల్ఫ్ తీసుకోలేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. చేత్తో తిప్పే హ్యాండిల్ ఎవరో అడిగితే ఇచ్చి మళ్లీ తెచ్చుకోలేదు. బ్యారేజీ నుంచి నీళ్లు వదలడంతో ఆ ఒరవడిలో గెడ వేసి దాటే ధైర్యం ఎవరికీ లేకపోయింది. డయాలసిస్ వంతు తప్పింది. శుక్రవారం రాత్రికి చెల్లెలి ముఖం ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా కూర్చునే ఉందట. శనివారం పొద్దున్న ఎవరిదో చేపల పడవ కనబడితే బతిమాలి తీసుకెళ్లి, మళ్లీ దాంట్లోనే తీసుకొచ్చారు. మళ్లీ సోమవారం వెళ్లాలి. ఆ చేపల పడవేమో కిందికి వెళ్లిపోయింది.

నేను విద్యుత్ శాఖలో సబ్‌స్టేషన్ బ్యాటరీలు చూసి రిటైరైనవాణ్ణి. మీటరు, ఇత్తడి బ్రష్షు, వంటసోడా, డిస్టిల్డ్ వాటర్ డబ్బా, చిన్న చార్జరు సంచీలో వేసుకుని గుణదల నుంచి బయలుదేరాను. అంతకుముందు మెకానిక్కును దింపిన ఇసుక పడవే నన్నూ రేవులో దింపి తన దారిన పోయింది.

నేను చేరేసరికే మెకానిక్కు తీర్పు చెప్పేశాడు.

“బ్యాటరీ పోయింది సార్. ఇంకోటి వేయించుకోవాల్సిందే.”

“దసరా ముందేగా కొత్తది వేశావు?”

“పీసు అలాంటిదొచ్చింది సార్. మన టైము.”

“మీటరు పెట్టి చూశావా?”

“మీటరెందుకు సార్, ఇలా ఆనిస్తే తెలిసిపోద్ది” అంటూ స్క్రూడ్రైవరుతో రెండు టెర్మినళ్లనూ కలిపాడు. నీరసంగా ఒక నిప్పురవ్వ రాలింది. “చూశారా, ప్రాణం లేదు.”

నా సర్వీసులో ఎవడైనా అలా చేస్తే ఆ గదిలోకి మళ్లీ రానిచ్చేవాణ్ణి కాదు. వాణ్ణి పక్కకు జరిపి పెట్టెలోకి వంగాను. పులిసిన వాసన ముఖాన కొట్టింది. బ్యాటరీ పైభాగం కనబడటమే లేదు. ఆయుధ పూజనాటి పసుపు ముద్ద దట్టంగా మెత్తి ఉంది. దాని మీద కుంకుమ, దాని మీద పోసిన కొబ్బరినీళ్లు ఎండి బెల్లప్పాకంలా జిగురు కట్టాయి. ఒక అరటిపండులో గుచ్చిన అగరొత్తి పుల్లలు అలాగే ఉన్నాయి, పండు మాత్రం నల్లటి గుజ్జయి బ్యాటరీ మూలల్లోకి కారింది. జిగురులో చీమలు బారులుగా చచ్చి ఉన్నాయి. బతికున్న బొద్దింక ఒకటి టెర్మినలు కింద మీసాలు ఆడిస్తోంది. టెర్మినళ్ల చుట్టూ పచ్చగా, తెల్లగా బూజులాంటి పొడి పేరుకుపోయింది. బొద్దింకను తట్టుకోగలను. ఈ పెట్టె మూత ఇన్నాళ్లూ రోజూ తీసి, చూసి, మళ్లీ మూసిన మనుషులను తట్టుకోలేకపోయాను.

“ఇది బ్యాటరీయా, నైవేద్యం పళ్లెమా బావగారూ?”

“పూజ చేసిందండీ. పసుపూ కుంకుమా ఎలా తుడుస్తాం? అసలే ఇంటావిడకి ఒంట్లో బాగోలేదాయె.”

రేవు మెట్టు మీద కూర్చున్న చెల్లెలు అందుకుంది. “నా పసుపు కుంకుమలు మీరు బతికున్నంతకాలం నాకుంటాయి లెండి. ఆ డబ్బా మీదవి తుడవనివ్వండి.”

మీటరు ఒక కొన టెర్మినలుకు ఆనించి, రెండో కొనను దూరంగా పసుపు ముద్దలో గుచ్చాను. ముల్లు కదిలింది. తడి ఆరని ఆ మురికిలోంచి కరెంటు రాత్రీ పగలూ ఒక టెర్మినలు నుంచి రెండోదానికి కారిపోతోంది. మేనల్లుణ్ణి పిలిచి చూపించాను. “పసుపులో కూడా కరెంటుంటదా మావయ్యా!” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సోడా నీళ్లు పోస్తే ఆ పొడి బుసబుసా పొంగింది. ఆకుపచ్చ నురగలో చీమలు తేలాయి. మూడుసార్లు కడిగితే గాని నల్ల ప్లాస్టిక్కు బయటపడలేదు. సెల్లుల మూతలు విప్పితే నీళ్లు అడుగంటబోతున్నాయి. ఇదివరకు ఏం పోశారని అడిగితే, “ఏ నీళ్లయితే ఏంటి సార్, ఏటి నీళ్లే పోశాను. కృష్ణ నీళ్లు కదా, మంచివే” అన్నాడు మెకానిక్కు. డిస్టిల్డ్ వాటర్ పోసి, బ్యాటరీని ఇంటికి మోయించి, సాయంత్రందాకా చార్జింగ్ పెట్టాను. అంత హింస పడ్డా చార్జి పట్టింది.

పొద్దువాలాక తెచ్చి పడవలో బిగించాను. తాళం పెట్టకముందే, చుక్కాని దగ్గరున్న అమ్మవారి పటం చుట్టూ ఎర్రబల్బులూ పచ్చబల్బులూ వెలిగాయి. బావగారు, మేనల్లుడు, ఆఖరికి మెకానిక్కు కూడా దణ్ణం పెట్టారు. నేను మీటరు పెట్టాను. ఒకటిన్నర ఆంపియరు. పడవ కట్టేసి ఉంటే రెండు మూడు రోజుల్లో బ్యాటరీని పీల్చేసేంత.

“ఇవి రాత్రుళ్లు ఎవరు ఆర్పుతారు?”

“ఆర్పడానికి స్విచ్చే లేదు మావయ్యా. నాన్న స్విచ్చు వద్దంటే తిన్నగా బ్యాటరీకే కలిపేశాడు ఇతను.”

“కస్టమరు అడిగింది చేశాను సార్” అన్నాడు మెకానిక్కు, సంచీ సర్దుకుంటూ. మరుసటి బ్యాటరీ తనే అమ్మవచ్చని కూడా వాడికి తెలుసు. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది.

బావగారు మాత్రం తల ఎత్తలేదు. “శ్రావణంలో మొక్కుకున్నానండీ. దీనికి కాస్త నెమ్మదించేదాకా అమ్మవారి ముందు దీపం ఆరకూడదని.”

ఆమె కోసం వెలిగించిన దీపమే ఆమెను రాత్రంతా ఊపిరాడకుండా లంకలో కూర్చోబెట్టింది. కోపం ఎవరి మీద చూపాలో తెలియక బ్రష్షును నీళ్లలో గట్టిగా విదిలించాను.

చెల్లెలే అంది: “ఇంట్లో ప్రమిద పెట్టండి. నూనె నేను పోస్తా. పడవను వదిలెయ్యండి.”

“సరేనే” అని బావగారు నావైపు తిరిగారు. “కానీ వైరు కత్తిరించకండి బావగారూ, అపశకునం. విప్పి చుట్టిపెడదాం.”

విప్పాను. అయినా నాకు నమ్మకం లేదు. రాత్రి ఎవరికి భక్తి పుట్టుకొస్తుందోనని బ్యాటరీని మళ్లీ ఇంటికి మోయించి నా మంచం కింద పెట్టుకున్నాను. మేనల్లుడు, “దిండు కూడా వేయమంటావా దానికి?” అన్నాడు.

సోమవారం పొద్దున్నే మంచు పలచబడకముందు బిగించాను. మొదటి నొక్కుకే ఇంజను అందుకుంది. చెల్లెలు చీర కుచ్చెళ్లు పట్టుకుని మెల్లగా ఎక్కి కూర్చుంది. బావగారు పడవ ముందు కొబ్బరికాయ కొట్టి, రెండు చిప్పలూ నీళ్లతో పట్టుకుని, అలవాటు కొద్దీ బ్యాటరీ పెట్టె వైపు నడిచారు. నేను లేవబోయేలోపే చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టింది.

“ఏవండీ, అవి నాకూ పడవు, దానికీ పడవు. ఏట్లో పొయ్యండి.”

ఆయన చిప్పల వైపు చూస్తూ కాసేపు నిలబడి, పడవ పక్కకు వంగి వాటిని బోర్లించారు. మేనల్లుడు తాడు విప్పాడు.