నా చట్రంలో నాలుగే రకాలు

నా తోడికోడలు బంగారం లాంటి మనిషని అందరూ అంటారు. అందుకే ఆమె గురించి నేను చెప్పాలి.

ఎండాకాలంలో మేమిద్దరం అటవీ ఆఫీసు కోసం కొండమీద మొక్కలు లెక్కపెడతాం; మేతకు నేల ఎంత దెబ్బతిందో వాళ్లకు దాన్నిబట్టే తెలుస్తుంది. మీటరు కర్రలు నాలుగు కలిపి చేసిన చట్రాన్ని ఆఫీసువాళ్లు పాతిన మేకుల మధ్య పరిచి, లోపల ఎన్ని రకాలున్నాయో రాయాలి. నా వంతు నీటితొట్టి పక్క చదును నేల. ఊరి గొర్రెలన్నీ, మావి కూడా, పొద్దస్తమానం అక్కడే మేస్తాయి. పొట్టి గడ్డి, గొర్రెలు ముట్టని ముళ్లమొక్క, ఇంకో రెండు. మొత్తం నాలుగు. ఆమె వంతు రాళ్ల వాలు. అక్కడ గొర్రె నిలదొక్కుకోలేక, ఒక కొరుకు కొరికి దిగిపోతుంది. ఆమెకు ఇరవై రెండు రకాలు.

గొప్పంతా వాలుది, ఆమెది కాదు. అయినా ఆఫీసు మేడమ్ "ఎంత ఓపికమ్మా నీకు!" అని ఆమెనే మెచ్చుకునేది. మా అత్త ఆ ఇరవై రెండింటినీ ఇంటింటికీ చెప్పొచ్చేది. నాకు కడుపు మండిపోయేది.

పోయినేడు చట్రాన్ని మేకుల మధ్య నుంచి తీసి, గొర్రె మూతి దూరని బండ సందు మీదికి జరిపాను. పదకొండు! మేడమ్ భుజం తట్టింది. నాలుగు రోజులు నా కాళ్లు నేలమీద నిలవలేదు.

తర్వాత ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చదును నేలకు రెండేళ్లు విశ్రాంతినిచ్చి, మందలను అవతలి కొండకు పంపుదామనుకున్నారట. నా పదకొండు చూసి, నేల దానంతటదే కోలుకుంటోందని మానుకున్నారట. తక్కువ రాస్తేనే మేలని అప్పుడు తెలిసింది. ఈ ఏడు అక్కడ మట్టే మిగిలింది. మా గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి.

ఈసారి చట్రం మేకుల మధ్యే పెట్టి గంటసేపు వెతికాను. రెండే రకాలు. మేడమ్ కాగితం చూసి మొహం చిట్లించింది.

"పదకొండు కాస్తా రెండెలా అయ్యాయమ్మా? నువ్వు సరిగ్గా చూడలేదు. మీ తోడికోడల్ని పంపిస్తా, ఇంకోసారి లెక్కపెడుతుంది."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. "సరే మేడమ్," అనేశాను.

నా తోడికోడలు వచ్చి మోకాళ్లమీద కూర్చుని లెక్కపెట్టింది. లేచి బండ సందులో పువ్వుల వైపు చూసింది, తర్వాత మేకుల వైపు చూసింది. ఆమెకు అంతా అర్థమైపోయింది.

"పోయినేడు వానలు బాగా పడ్డాయి కదక్కా. మేడమ్‌కి అదే చెప్తాలే," అంది.

నాలుగు తిట్టినా బాగుండేది.

ఆమె రాసిన కాగితంతో నేలకు విశ్రాంతి దొరికింది, మా మందకు అవతలి కొండ దొరికింది. అందులో రాసినవి మూడు రకాలు. నాకు కనబడని ఆ మూడోది ఏమిటో ఇంతవరకూ ఆమెను అడగలేదు. అడగను కూడా.