నీళ్ళ కింద ఊపిరి

ఈతలో నన్ను మించినవాడు మా ఊరు వర్ని చుట్టుపక్కల లేడని నేను చెప్పుకోవడం కాదు, అందరూ అనేవారు. ఏడేళ్ళప్పుడు బాపు నా నడుముకు బెండు కట్టి మోటబావిలోకి తోశాడు. వారం తిరక్కుండానే బెండు విప్పేశాను. బావి అడుగుకు పోయి పిడికెడు బురద తెచ్చి చూపిస్తేనే మా దగ్గర మునిగినట్టు లెక్క. గట్టుమీద కూచున్నవాళ్ళు ఒకటి, రెండు అని లెక్కపెట్టేవారు. నీళ్ళ కింద ఎవడు ఎక్కువసేపు దమ్ము పడితే, అంటే ఊపిరి బిగబడితే, వాడే మొనగాడు. నేను నూరు దాటించేవాణ్ణి. బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగానికి చేరాక కూడా ఆ పేరు నా వెంటే వచ్చింది. ఎవరింటి బొక్కెన బావిలో పడ్డా నాకే కబురు.

ల్యాబులో నాతోపాటు ఇంకొక కెమిస్టు ఉండేవాడు. నాకన్నా ఐదేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. నిజామాబాదులో పుట్టి పెరిగాడు, వాళ్ళమ్మ బీడీలు చుట్టి చదివించింది. వాడికి నీళ్ళంటే చచ్చేంత భయం. కాలువ మీది వంతెన దాటాలంటే సైకిలు దిగి నడిచేవాడు. దాన్ని పట్టుకుని నేను వాణ్ణి ఆటపట్టించని రోజు లేదు.

డెబ్బైల్లో ఒక ఏడాది మా ఇద్దర్నీ మారిషస్ పంపించారు. మన దగ్గర చెరకు క్రషింగ్ ఆగిన వానాకాలంలో అక్కడ క్రషింగ్ నడుస్తుంది. అక్కడి మిల్లులో చెరకు రసం శుభ్రం చేసే పద్ధతి చూసి రమ్మన్నారు. ఆఖరి ఆదివారం మిల్లువాళ్ళు మమ్మల్ని సముద్రానికి తీసుకుపోయారు. ఒడ్డుకు కొంత దూరంలో నీళ్ళ కింద పగడపు దిబ్బ ఉంది. వీపుకు గాలి సిలిండరు కట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి దింపి చూపించే గైడు ఒకడున్నాడు.

"నేను రానన్నా. నువ్వు పోయిరా, నేను పడవల కూసుంట" అన్నాడు మావాడు.

"నేనుండంగ నీకేం భయంరా? మునిగితే జుట్టు వట్టి గుంజుకొస్త" అన్నాను.

వాడిమీద ప్రేమతో అన్నమాట కాదది. నేను సముద్రంలో మునగడం చూసి బోధన్‌లో చెప్పడానికి నాకొక సాక్షి కావాలి.

గైడు ముందు నడుంలోతు నీళ్ళలో నిలబెట్టి నేర్పించాడు. వచ్చీరాని హిందీలో ఒకటే మాట పదిసార్లు చెప్పాడు. నోట్లో రబ్బరు గొట్టం ఉంటుంది, పీలుస్తూ వదుల్తూ ఉండండి, ఊపిరి మాత్రం ఆపకండి, ఆపితే ప్రాణానికే ముప్పు. మావాడు బడిపిల్లాడిలా విన్నాడు. నేను ఊ కొట్టాను. ఊపిరి సంగతి నాకొకడు చెప్పాలా! ఈత వచ్చా అని అడిగితే ఛాతీ విరుచుకుని వచ్చన్నాను. అందుకని గైడు మావాడి చెయ్యి పట్టుకుని నన్ను నా మానాన వదిలేశాడు.

పడవ దిగి తల నీళ్ళ కిందికి పోగానే నా గొంతు బిగుసుకుంది. నేను బిగించలేదు, అదే బిగుసుకుంది. నోట్లో గొట్టం ఉంది, గొట్టంలో గాలి ఉంది, నేను మాత్రం నిండా దమ్ము పట్టి లోపల్లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాను. బావిలోనైతే తలకిందులుగా దూకిన ఊపే అడుగుకు తీసుకుపోయేది. ఇక్కడ నిలువుగా దిగాలి, రొమ్ము నిండా గాలి పెట్టుకుంటే నడుముకు సీసం బిళ్ళలు కట్టినా మనిషి కిందికి దిగుతాడా? నా దగ్గర్నించి బుడగలు రావడం లేదని గైడు చూశాడు. పైకి లాగి తిట్టాడు. మళ్ళీ దిగాను, మళ్ళీ అదే. మూడోసారి తిట్టలేదు, పడవ వైపు వేలు చూపించాడు.

"నువ్వు లేకుంటే నేను పోనన్నా" అన్నాడు మావాడు, పడవ అంచు పట్టుకుని.

"పోరా, పో" అన్నాను పైకి. వీడు కూడా భయపడి తిరిగిరావాలని లోపల దేవుడికి మొక్కుకున్నాను. దేవుడు వినలేదు. అరగంటసేపు నీళ్ళ మీదికి వాడి బుడగలు వస్తూనే ఉన్నాయి. నేను వాటిని చూస్తూ కూచున్నాను. కాలువ చూసి వణికేవాడు సముద్రం అడుగున, నేను పడవలో.

పైకొచ్చాక వాడికి నవ్వు, ఏడుపు కలిసిపోయాయి. "అన్నా! అంగట్ల పసుపు కుప్పలు వోసినట్టు చేపలే చేపలు! చెయ్యి సాపితే పక్కకు జరిగి మల్ల వస్తున్నయి!"

"సప్పుడు చెయ్యకుండ కూసో" అన్నాను.

తిరుగు ప్రయాణమంతా వాడితో సరిగ్గా మాట్లాడలేదు. వాడు నోరు విప్పితే ముప్పై ఏళ్ళ నా పేరు గంగపాలే. చెప్పొద్దని బతిమాలడానికి నాకు నోరు రాలేదు.

డ్యూటీలో చేరిన రోజు క్యాంటీన్లో అందరూ చుట్టూ మూగారు. "సముద్రంల మునిగిండ్రట గద! అడుగుదాక వోయినవా అన్నా? ఎంతసేపు దమ్ము వట్టినవ్?" అని నన్నే అడిగాడు ఒక ఫిట్టరు.

మావాడు అందుకున్నాడు. "ముంగట అన్న, ఎనుక నేను. నాకేం తెలుసు, భయంతోని కండ్లు మూసుకున్న. అన్ననే చెప్పాలె."

చెప్పాను. వాడు చూసిన పసుపు చేపల్ని, వాడి మాటల్తోనే, వాడి ఎదుటే చెప్పాను. సిగ్గులేకుండా నాలుగు రంగులు కలిపి మరీ చెప్పాను. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. వాడు కూడా.

అందరూ పోయాక అడిగాను. "ఎందుకురా గట్ల చెప్పినవ్?"

"నేను సూసిన గదన్నా. నా కండ్లల్ల ఉన్నయి. ఎవలు సూసిన్రని చెప్పుకుంటె నాకేంది?" అని గ్లాసు కడిగి పెట్టి ల్యాబుకు పోయాడు.

చేపలు చూశాడన్న కుళ్ళు ఎప్పుడో పోయింది. ఆ మాట అంత తేలిగ్గా అనేసి పోయాడే, దానికి మాత్రం ఈ రోజుకీ వాణ్ణి చూసి కుళ్ళుతూనే ఉన్నాను.