మాంత్రికుడు గాల్లోకి లేచే ముందు

ఈ రోజు పొద్దున నా ఫాంటసీ నవలలో అసలైన సీన్ రాశాను. చీకటి గుహలో మహామాంత్రికుడు మెల్లగా గాల్లోకి లేస్తాడు, అది చూసి సైన్యమంతా మోకరిల్లుతుంది. మురిసిపోతూ నాన్నకు చదివి వినిపించాను. ఆయన కొత్తగూడెంలో బొగ్గు బావి దిగి దిగి రిటైరైన మనిషి.

"లేచే ముందు గుహ పైకప్పు తట్టి సూసిండా?" అన్నారు.

"నాన్నా, గాల్లో తేలేటోడు! ఎంత శక్తి ఉంటే లేస్తడు?"

"ఉంటే ఏంది? బండ వదులుగుంటే నెత్తిన పడదా? మేం బావిల కర్రతోని తట్టి, గట్టి సప్పుడు ఇన్నంకనే కింద నిలవడేటోళ్లం."

ఒళ్లు మండింది. సాయంత్రం దాకా ఆ సీన్ తిరగరాస్తూనే ఉన్నాను. ఎలా రాసినా నా మాంత్రికుడు ముందు మంత్రదండంతో పైకప్పు తట్టి, చెవి పెట్టి విని, ఆ తర్వాతే లేస్తున్నాడు. అది చదివి వినిపిస్తే నాన్న మాత్రం స్థిమితపడ్డారు. మీరే చెప్పండి, ఇలాంటివాడికి ఏ సైన్యమైనా మోకరిల్లుతుందా?