నూట నలభై నంబరు నూనె

మొన్న మోతీనగర్‌లో కారు సర్వీసుకి ఇచ్చి, అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నాను. పక్కన ఎవరిదో పాత జీపు విప్పి ఉంది. మెకానిక్ గేర్ ఆయిల్ డబ్బా మూత తీశాడు. ఆ వాసన ఎరగనివాళ్ళకి ఎలా చెప్పను? కుళ్ళిన కోడిగుడ్డుకి కాస్త వెల్లుల్లి తగిలించినట్టుంటుంది. నా పక్కనున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. నేను కదల్లేదు. యాదగిరన్న గుర్తొచ్చాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ వయసులో, అంతమంది మధ్య, నూనె వాసనకి ఏడ్చే మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

యాదగిరన్నని మీరెవరూ చూసి ఉండరు. ఆయన బండ్లని మాత్రం చూసే ఉంటారు. పాతకాలం కథ ఉన్న సినిమాలో హీరో మోటార్ సైకిల్ మీద దిగాడంటే, ఆ బండి చాలాసార్లు షేక్‌పేట పాత ఊరు దాటి ఫిల్మ్‌నగర్ ఎత్తు మొదలయ్యేచోట ఉన్న ఆయన రేకుల షెడ్డులోంచి వెళ్ళిందే. నలభై అయిదేళ్ళ మనిషి, బక్కగా ఉండేవాడు, ఒంటి మీద ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. మెకానిక్‌కి ఇస్త్రీ చొక్కా ఏమిటని నేను నవ్వితే, షూటింగుల పెద్దోళ్ళ ముంగట నిలబడాలె గదా అనేవాడు. బండితో పాటు తానూ లొకేషన్‌కి వెళ్ళేవాడు. షాట్‌కి ముందు తానే నడిపి చూసి, ఫైటర్ చేతికిచ్చి "పో" అనేవాడు. ఆయన "పో" అననిదే ఏ ఫైటరూ బండి కదిలించేవాడు కాదు. డైరెక్టర్ అరిచినా సరే. అది అక్కడ రాయని కట్టుబాటు.

నేను విజయవాడ నుంచి వచ్చి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన కొత్తలవి. రాతిగుట్టల మధ్య రోజుకో అద్దాల మేడ లేస్తున్న కాలం. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. జీతం చేతికి రాగానే తోటివాళ్ళు స్కూటీలు కొనుక్కుంటే, నేను ఆఫీసులో ఒకతని దగ్గర పాత టూ-స్ట్రోక్ మోటార్ సైకిల్ కొన్నాను. పొగరు, ఇంకేముంది. జూబ్లీహిల్స్ ఎత్తెక్కుతుంటే దాని గేర్‌బాక్సు పిల్లికూనలా ఏడ్చేది. ఎవరికి చూపించినా బండి అమ్మేయమన్నవాళ్ళే. యాదగిరన్న ఒక్కడే కింద కూర్చుని, బోల్టు విప్పి, గేర్‌బాక్సులోని నూనె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వేళ్ళు మెల్లగా విడదీసి ఎంత సాగుతుందో చూశాడు.

ఆ రోజు ఆయన చెప్పిన పాఠం ప్రతి మాటా గుర్తుంది. "గేర్లకేమో చిక్కటి నూనె కావాలె, పండ్లకు పట్టుకొని ఉంటది. క్లచ్ ప్లేట్లకేమో పల్చటిది కావాలె, లేకుంటే ఒకదాన్నొకటి ఇడవయి. నీ బండిల ఇద్దరూ ఒక్క నూనెలనే మునిగున్నరు చెల్లె. గందుకే ఇద్దర్నీ అడిగి పొయ్యాలె." చలికాలానికి ముప్ఫై నంబరు, ఎండాకాలానికి నలభై, అంతకు మించి వద్దన్నాడు. డబ్బా మీద అంకె చూసి మోసపోవద్దని కూడా చెప్పాడు. ఇంజిన్ ఆయిల్ అంకెలకీ గేర్ ఆయిల్ అంకెలకీ లెక్క వేరట. గేర్ ఆయిల్‌లో తొంభై అంటే ఇంజిన్ ఆయిల్‌లో నలభై, యాభైకి దగ్గరగా ఉంటుందట. మరి ఆ ఏడుపు మాటేమిటని అడిగాను. పాత పండ్లు, అరిగినయ్, ఏడ్వనీ, నీకేం నష్టమన్నాడు.

ఆ తర్వాత ఆదివారాలు నా కాళ్ళు ఆ షెడ్డుకే నడిచాయి. ఊళ్ళో నాకంటూ ఎవరూ లేరు. ఆఫీసులో అందరం ఇంగ్లీషులో నవ్వుకునేవాళ్ళం. ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చుని, యాదగిరన్న ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి తింటూ, ఆయన చెప్పే షూటింగు కబుర్లు వింటే కడుపూ మనసూ రెండూ నిండేవి. నా సొంత అన్న కూడా నాతో అంత ఓపిగ్గా మాట్లాడింది లేదు.

ఒక డిసెంబరులో ఆయన షూటింగుకి అనుకున్న బండి చెడిపోయింది. అచ్చం అలాంటిదే నాది. నా బండి ఇస్తావా అని అడిగాడు. నా బండి సినిమాలో! ఎగిరి గంతేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. అంతమంది ముందు నా బండి పిల్లిలా ఏడిస్తే పరువేం కావాలి? ఎర్రగడ్డలో లారీల సామాను అమ్మే కొట్టుకి వెళ్ళి అడిగితే, గేర్ల మోత పోవాలంటే నూట నలభై పొయ్యమన్నాడు. లారీ వెనక ఇరుసులో పోసే నూనె అది. గేర్ ఆయిల్ అంకెలు పైకే పెద్దవని యాదగిరన్నే చెప్పాడు కదా, నూట నలభై అంటే ఇంకాస్త చిక్కన అంతే అనుకున్నాను. సగం విన్న పాఠం. ముప్ఫై నంబరు నూనె దించేసి అది పోశాను. రోడ్డు మీద తిప్పి చూస్తే నిజంగానే ఏడుపు ఆగిపోయింది. యాదగిరన్నకి చెప్పలేదు. బండి ఇంత మెత్తగా ఎట్లయిందని ఆయనే ఆశ్చర్యపోయి అడిగితే అప్పుడు చెబుదామనుకున్నాను.

షూటింగు ఫిల్మ్‌నగర్‌లో ఒక వాలు రోడ్డు మీద, పొద్దున్నే. చలికి నోట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి. బాబ్జీ అనే ఫైటర్ హీరో చొక్కా తొడుక్కుని, వాలులో వేగంగా దిగి, అడ్డంగా నిలబెట్టిన కారుకి జానెడు దూరంలో ఆపాలి. యాదగిరన్న బండి స్టార్ట్ చేసి, క్లచ్ నొక్కి గేరు వేశాడు. బండి నొక్కిన క్లచ్‌ని లెక్కచేయకుండా ముందుకి ఉరికింది. ఆయన దిగాడు. డైరెక్టర్ మనుషులు ఎండ మారిపోతోందని తొందరపెడుతున్నారు. ఆయన వాళ్ళనెవరినీ చూడలేదు, నావైపు చూశాడు.

"చెల్లె, గేర్‌బాక్స్ ఏమన్న ముట్టినవా?"

"లేదన్నా."

ఎందుకన్నానో ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అంతమంది ముందు నోరు రాలేదు. ఆయన చెప్పింది కాదని ఇంకోటి చేశానని ఆయనకే చెప్పాలి, అదీ అసలు సిగ్గు. వేడెక్కితే నూనె పల్చబడి అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఆయన నా మాట నమ్మాడు. చలికి కేబుల్ బిగుసుకుందేమోనని కాస్త సవరించి, బాబ్జీ చేతికి బండి ఇచ్చి "పో" అన్నాడు.

బాబ్జీ సరైన చోటే క్లచ్ నొక్కి బ్రేకు వేశాడు. క్లచ్ వదల్లేదు, ఇంజిను చక్రాన్ని ఇంకా తోస్తూనే ఉంది. కారు పక్కన కెమెరా మనిషి ఉన్నాడు. అతన్ని గుద్దకుండా బాబ్జీ బండిని పక్కకి పడేసి తాను దాని కింద పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

అతన్ని కారులో ఎక్కించాక యాదగిరన్న బండి దగ్గర కూర్చుని బోల్టు విప్పాడు. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది. నూనె వేళ్ళ మధ్య రాశాడు. అది తెగకుండా సాగింది. తలెత్తి నన్ను ఒక్కసారి చూసి బోల్టు మళ్ళీ బిగించాడు. ప్రొడక్షన్ మేనేజర్ మీద మీదకి వచ్చి, చూడకుండా బండి ఎలా ఇచ్చావని నానా మాటలూ అన్నాడు. యాదగిరన్న చేతులు తుడుచుకుంటూ, "తప్పు నాదే సార్, నూనె నేనే పోసిన" అన్నాడు. నేను అయిదడుగుల దూరంలో ఉన్నాను.

ఆ తర్వాత నేను షెడ్డుకి వెళ్ళలేదు. ఆఫీసుకి వెళ్ళాను, ఎవరెవరి తప్పులో పట్టి, వరసగా రాసి పంపించాను. పదకొండో రోజు ఇక అన్నం సయించక, బాబ్జీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పేశాను. నూనె నేనే మార్చానని, యాదగిరన్న అడిగితే అబద్ధమాడానని. బాబ్జీ రాజమండ్రి మనిషి. తిడతాడనుకున్నాను. దిండు మీద నుంచి తలెత్తి నన్ను చూశాడు.

"మీరేనా అండీ?" అన్నాడు. "అన్న రోజూ పొద్దున్నే టిఫిన్ తెస్తాడు. రాగానే 'ఆ పిల్ల వచ్చిందా' అని అడుగుతాడు. ఎవరా పిల్ల అంటే చెప్పడు. 'వస్తది, ఆమెనే చెప్తది' అంటాడు." కిటికీవైపు తిరిగి అన్నాడు, "ఇవాళ మాత్రం అడగలేదండీ."

అక్కడి నుంచి నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ, బండ్లకి వేరేవాళ్ళని మాట్లాడుకున్నాం అన్నాడు. షెడ్డుకి వెళ్ళాను. యాదగిరన్న లేచి స్టూలు తుడిచి, "కూసోండి" అన్నాడు. చెల్లె అనలేదు. నేను ఏడుస్తూ చెప్పిందంతా విని తలూపాడు. కోప్పడితే ఎంత బాగుండేదో. నా బండిలోని నూట నలభై దించేసి, ముప్ఫై పోసి, ఇగ మంచిగుంటది అన్నాడు. అంతే. మళ్ళీ ఎన్నిసార్లు వెళ్ళినా మర్యాదగానే మాట్లాడాడు, మీరు అనే అన్నాడు. సినిమా వాళ్ళ పని మళ్ళీ రాలేదు. తర్వాతి ఏడాది ఆ స్థలంలో అపార్ట్‌మెంటు లేచింది. సిద్దిపేట వైపు ఎక్కడికో వెళ్ళాడన్నారు. షేక్‌పేటలో చాలామందిని అడిగాను. ఊరి పేరు ఎవరికీ తెలియదు. ఒక్కసారి కనిపిస్తే చాలని ఇప్పటికీ ఉంటుంది నాకు. కనిపిస్తే ఏం చెప్పాలో మాత్రం తెలియదు.

ఇప్పుడు నా కింద ఇరవైమంది పనిచేస్తున్నారు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెడగొడుతూనే ఉంటారు. ఎవరో నాకు తెలిసిపోతుంది. అయినా వెంటనే పిలిచి నిలదీయను. వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెబుతారేమోనని సాయంత్రం దాకా చూస్తాను. చాలామంది వస్తారు. రానివాళ్ళ కోసం మర్నాడు కూడా చూస్తాను. మూడో రోజుకి నాకు ఓపిక చచ్చిపోతుంది, పిలిచి అడిగేస్తాను. ఆయన నాకోసం పది రోజులు చూశాడు.