నడినెత్తిన ఆరు మొట్టికాయలు

శనివారం నుంచి నేను తల దువ్వుకుంటుంటే చాలు, మా ఇంట్లో అందరూ నవ్వేస్తున్నారు. ఎందుకో చెబుతాను, మీరు మాత్రం నవ్వకూడదు సుమా!

మా అత్తయ్య తిథి జ్యేష్ఠ మాసంలో. మా వంశంలో ఎవరి తిథి ఎప్పుడో, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, అన్నీ నా ఎర్ర నోట్‌బుక్‌లోనే ఉంటాయి. అలాంటిదాన్ని, ఈసారి ఇండియా పంచాంగం చూసి పొరబడ్డాను. మేముండే ఓక్‌విల్ టైమ్ ప్రకారం తిథి ముందురోజే వచ్చి వెళ్ళిపోయిందట! మర్నాడు గారెలు చేసి ఇంటి వెనక చెక్క డెక్ మీద కాకికి పెట్టాను. కాకి రాలేదు. ఉడత వచ్చి తీరిగ్గా తినిపోయింది.

"అత్తయ్యకి కోపం వచ్చిందండీ" అన్నాను మా ఆయనతో, కళ్ళు ఒత్తుకుంటూ.

"ఓక్‌విల్ కాకులకి గారెలంటే ఏం తెలుసు? పద, మేఘనతో కలిసి పిట్టల్ని చూసొద్దాం" అన్నారు.

మేఘన మా మనవరాలు, తొమ్మిదేళ్ళది. ముగ్గురం హామిల్టన్ దగ్గర చిత్తడి నేలలకి వెళ్ళాం. నీళ్ళ మీద చెక్కబాట, రెండు పక్కలా మనిషెత్తు జమ్ము, దుంగ మీద వరసగా ఎండ కాగుతున్న తాబేళ్ళు. అక్కడైనా కాకి దొరక్కపోతుందా అని హ్యాండ్‌బ్యాగ్‌లో రెండు గారెలు పెట్టుకెళ్ళాను. తీరా చూస్తే, జంతువులకి, పక్షులకి ఏమీ పెట్టకూడదని బోర్డు! గారెలు తీయకుండానే జిప్ మూసేసి మనసులో దండం పెట్టుకున్నాను. "అత్తయ్యా, కోపం పోయిందని ఏదైనా గుర్తు చూపించండి."

టప్!

నడినెత్తి మీద! తిరిగి చూస్తే ఎవరూ లేరు. రెండడుగులు వేశానో లేదో, మళ్ళీ టప్!

ఎదురుగా జమ్ము మీద నిగనిగలాడే నల్లపిట్ట వాలింది. దాని భుజాల మీద ఎర్రటి కుంకుమ! కింద సన్నగా పసుపు గీత! పసుపు కుంకుమలతో వెళ్ళిపోయిన మహాతల్లి మా అత్తయ్య. నాకు ఒళ్ళు జలదరించింది.

"ఏమండీ! మీ అమ్మగారు వచ్చారు!"

బైనాక్యులర్స్ దించకుండానే అడిగారాయన. "ఎవరి కార్లో?"

నేను టపటపా చెంపలు వేసుకున్నాను. పిట్ట ఇంకా రెచ్చిపోయింది. టప్! సరిగ్గా అందుతుందని తల మరికాస్త వంచాను. టప్!

"నానమ్మా, మూవ్! హీ హాజ్ ఎ నెస్ట్!" మేఘన అరిచింది.

"ఉండమ్మా, మీ తాతమ్మ దీవిస్తోంది."

"నానమ్మా, దట్స్ ఎ బాయ్! గర్ల్స్ ఆర్ బ్రౌన్!"

అప్పటికి ఐదోది కూడా పడింది. బ్యాడ్జ్ పెట్టుకున్న వాలంటీర్ ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. "మ్యామ్, ప్లీజ్ కీప్ వాకింగ్! దాని గూడు మీ మోచేతి పక్కనే ఉంది. మీరక్కడ ఉన్నంతసేపూ అది కొడుతూనే ఉంటుంది!"

మీ ఎదుట దాచడమెందుకు? ఆరో దెబ్బకి నా భక్తి కూడా తట్టుకోలేకపోయింది. కుచ్చిళ్ళు రెండు చేతులా ఎత్తిపట్టుకుని పరుగో పరుగు! తాబేళ్ళన్నీ బుడుంగు బుడుంగుమని నీళ్ళలోకి దూకేశాయి.

కార్లో నా మొహం చూసి మా ఆయనకి జాలేసింది. "మా అమ్మ కోపం నీకు తెలీదా? ఒక్క మొట్టికాయ వేసి అక్కడికక్కడే మర్చిపోయేది. నీకు ఏకంగా ఆరు పడ్డాయి. ఇంకెక్కడి కోపం!"

నిజం చెప్పొద్దూ, మనసు తేలికైపోయింది. హ్యాండ్‌బ్యాగ్‌లో గారెలు తలా కాస్త తినేశాం. "ఉప్పు తగ్గింది" అన్నారాయన, అచ్చు వాళ్ళమ్మలాగే.

ఇంటికొచ్చి, వచ్చే ఏడాది తిథి ఇప్పుడే సరిగ్గా రాసుకుందామని నోట్‌బుక్ తెరిస్తే, అత్తయ్య పేరు పక్కన అప్పటికే మేఘన ఒక నల్లపిట్టనీ, దాని కింద పరుగెత్తుతున్న చీరనీ బొమ్మ వేసేసింది.

పెళ్ళయిన నలభై రెండేళ్ళలో ఒక్క తిథీ గుర్తుండని మా ఆయన, ఇప్పుడు ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ చెబుతున్నారు. "వచ్చే ఏడు అమ్మ తిథి నేనే గుర్తు చేస్తాను. తను హెల్మెట్ తెచ్చుకుంటే చాలు!"